చప్పుడు ఒకచోట, జబ్బు ఇంకోచోట: పాత మారుతి 800 కింద ఏం అరుగుతుంది?

పాత మారుతి 800 నడిపేవాళ్లందరికీ ఒక చప్పుడు బాగా తెలుసు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర నుంచి 'డుక్'మని వస్తుంది. మొదట్లో వారానికోసారి, తర్వాత రోజుకోసారి, ఆ తర్వాత ప్రతి గుంటకీ. పాటల సౌండు పెంచితే కొన్నాళ్లు వినపడదు.

మా బండికి అది మొదలైనప్పుడు ఒక షెడ్డులో చూపించాను. "షాకబ్జర్లు పోయాయండి, రెండూ వేసెయ్యాలి" అన్నారు. వేయించాను. డబ్బులు కట్టి ఇంటికొస్తుంటే కాలవ లాకుల దగ్గర మళ్లీ అదే 'డుక్'. నెల తర్వాత, ట్రాక్టర్లు రిపేరు చేసే మా బావ పండక్కి వచ్చి, లుంగీ ఎగ్గట్టి బండి కిందకి దూరాడు. టైరు లివరు పెట్టి ఒకచోట ఎత్తి పట్టుకుని, "బావా, ఇలా వచ్చి చూడు. ఇదీ నీ షాకబ్జరు" అన్నాడు. మలుపుల్లో బండి ఒరగకుండా అడ్డంగా ఉండే కడ్డీని స్టెబిలైజర్ బార్ అంటారు. దాని చివర, ఇనుముకీ ఇనుముకీ మధ్య మెత్తగా ఉండాల్సిన రబ్బరు బుష్షు అక్కడ సగమే ఉంది. మిగతా సగం ఏ గట్టు మీద రాలిపోయిందో. ఇద్దరం హోటల్లో టిఫిన్ చేసినంత ఖర్చుతో చప్పుడు ఆగిపోయింది.

షెడ్డువాళ్లు మోసం చేశారని నేననుకోను. చప్పుడు వచ్చిన వైపు పెద్ద భాగం ఏది కనిపిస్తే దాన్ని మార్చడం మన దగ్గర అలవాటైపోయింది. బండిని చక్రాల మీద మోసే ఏర్పాటు, అంటే సస్పెన్షన్ విషయంలో ఈ అలవాటు డబ్బుకి చేటు. ఎందుకంటే అక్కడ ఇనుము చాలా నిదానంగా అరుగుతుంది. ముందు పోయేది రబ్బరు. అందులోనూ మన గోదావరి డెల్టాలో రబ్బరు ఒక ప్రత్యేకమైన పద్ధతిలో పోతుంది. ఆ సంగతికి వచ్చేముందు, బండి కింద ఎవరి పని ఏమిటో తెలుసుకోవాలి.

స్ప్రింగు బరువు మోస్తుంది. అంతవరకే దాని పని. గుంట తగిలితే నొక్కుకుంటుంది, తర్వాత సాగుతుంది, మళ్లీ నొక్కుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే బండి గుంట దాటి వంద గజాలు పోయినా ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాకబ్జరు. దాని లోపల నూనె ఉంటుంది, సన్నని కంతలున్న పిస్టన్ ఉంటుంది. ఆ కంతల్లోంచి నూనె బలవంతంగా దూరాల్సి రావడంతో ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. కాబట్టి షాకబ్జరు పోయిన బండి ఊగుతుంది, మలుపులో తేలిపోతుంది, బ్రేకు కొడితే ముక్కు కిందకి దించుతుంది. 'డుక్'మనడం దాని మొదటి లక్షణం కాదు. లోపల పూర్తిగా ఖాళీ అయినప్పుడో, దాన్ని బాడీకి బిగించే రబ్బరు అరిగినప్పుడో మాత్రమే చప్పుడు చేస్తుంది.

మూడో పని చక్రాన్ని దాని స్థానంలో పట్టి ఉంచడం. చక్రం పైకీ కిందకీ కదలాలి గానీ ముందుకీ వెనక్కీ, లోపలికీ బయటికీ పోకూడదు. 800లో ముందు వైపు ఇది లోయర్ ఆర్మ్ పని. ఆర్మ్ లోపలి కొస బాడీకి ఒక బుష్షుతో, ఒకే ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. బయటి కొసన ఎటైనా తిరిగే గుండు కీలు, అంటే బాల్ జాయింట్, దాని మీద చక్రం. ఒక్క బోల్టు మీద వేలాడే ఆర్మ్ చక్రాన్ని లోపలికీ బయటికీ పోకుండా ఆపగలదు. మరి ముందుకీ వెనక్కీ పోకుండా ఆపేదెవరు? ఇక్కడే సుజుకి ఇంజినీర్లు పొదుపుగా ఒక తెలివి చూపించారు. మలుపుల్లో బండి ఒరగకుండా అడ్డంగా వేసే స్టెబిలైజర్ బార్ కొసల్నే రెండు ఆర్మ్‌లలోంచి దూర్చి, అటూ ఇటూ రబ్బరు పెట్టి నట్టు బిగించారు. ఒకే కడ్డీ రెండు పనులు చేస్తుంది. చిన్న కారుకి బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది.

దాని ఫలితం ఏమిటంటే, వేరే చాలా కార్లలో స్టెబిలైజర్ బుష్షు పోతే చప్పుడొస్తుంది, అంతే. 800లో అదే బుష్షు పోతే బ్రేకు కొట్టినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, వదిలినప్పుడు ముందుకొస్తుంది. బ్రేకు తొక్కగానే 'టక్', వదలగానే ఇంకో 'టక్'. స్టీరింగు ఒక పక్కకి లాగుతుంది. బ్రేకు పాడైందనుకుని ప్యాడ్లు మార్పించినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

నాలుగోది తిరగడం. చక్రం స్టీరింగు మాట వినాలంటే కింద బాల్ జాయింట్ తిరగాలి, పక్కన స్టీరింగు నుంచి వచ్చే కడ్డీ కొసనున్న కీలు, అంటే టై రాడ్ ఎండ్ తిరగాలి, పైన స్ట్రట్‌ని బాడీకి పట్టే మౌంట్‌లోని బేరింగు తిరగాలి. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాకబ్జరూ కలిపి ఒకే స్తంభంలా నిలబెట్టిన ఏర్పాటు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు పేరుతో దీన్ని పిలుస్తారు. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ వాళ్లు కాన్సుల్, జెఫిర్ కార్లకి పెట్టాక ఇది ప్రపంచమంతా పాకింది. మన దగ్గర మారుతి రాకముందు తిరిగిన బళ్లు వేరే రకం. అంబాసిడర్‌కి ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ పట్టీలు. అక్కడక్కడా గ్రీజు ఎక్కించే నిపుల్స్ ఉండేవి, నెలకోసారి గ్రీజు గన్ను పెట్టి కొట్టించేవాళ్లు. 1983 డిసెంబరులో మారుతి వచ్చాక గ్రీజు గన్ను పని తగ్గిపోయింది. దాని చోటికి రబ్బరు వచ్చింది. గ్రీజు కొట్టాల్సిన పనిలేని బండి అని అందరం సంతోషించాం గానీ, రబ్బరుకీ ఆయుష్షు ఉంటుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇవాళ రోడ్డు మీదున్న ఆఖరి 800కి కూడా పుట్టినప్పటి బుష్షులే ఉంటే, అవి ముసలివైపోయినట్టే.

రబ్బరు మన దగ్గరే ఎందుకు తొందరగా పోతుంది

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారడం మొదలైన దగ్గర్నుంచి, డెల్టాలో చాలాచోట్ల కాలవ గట్లే రోడ్లయ్యాయి. గట్టు మెత్తని మట్టి. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను. ఏ పక్క తడి ఎక్కువైతే ఆ పక్కకి కుంగుతుంది. తారు పైకి నున్నగా కనిపించినా కారు ఆ మీద పడవలా ఒరుగుతూ పోతుంది. పైగా రోడ్డు ఇరుకు. ఎదురుగా బస్సొచ్చినా, కొబ్బరికాయల లారీ వచ్చినా, దమ్ము చక్రాలతో ట్రాక్టర్ వచ్చినా మనం ఎడమ చక్రాలు తారు అంచు దింపాల్సిందే. దాళవా, అంటే రెండో పంట కోతలప్పుడైతే ఆ మిగిలిన రోడ్డులోనూ సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. అంచు దిగిన ప్రతిసారీ ఎడమ చక్రం ఒక మెట్టు దిగి ఎక్కుతుంది. 800 చక్రం పన్నెండంగుళాలది. పెద్ద చక్రం దాటుకుపోయే గుంటలో ఇది దిగబడుతుంది. నేను విప్పి చూసిన బళ్లలో ఎడమ ఆర్మ్ బుష్షు కుడి దానికన్నా ముందే పోవడం ఇందుకే అనుకుంటాను.

ఇక ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, కిటికీ చువ్వలే చెబుతాయి. భీమవరం చుట్టుపక్కలైతే చేపల లారీల నుంచి కారే నీళ్లు రోడ్డంతా తడిపేస్తాయి. ఉప్పు రబ్బరుని నేరుగా ఏమీ చెయ్యదు. కానీ ఆర్మ్ బుష్షు అంటే ఉత్త రబ్బరు ముక్క కాదు. లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యలో వాటికి అతికించి పోతపోసిన రబ్బరు. ఇనుముకి తుప్పు పట్టి అది అతుకు కిందకి పాకితే రబ్బరు ఇనుముని వదిలేస్తుంది. పైకి చూస్తే బుష్షు నిండుగానే ఉంటుంది, లోపల మాత్రం జారుతుంటుంది. చూపుతో తేల్చలేం, లివరు పెట్టి కదిపితేనే బయటపడుతుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువుని మాత్రం మనమే డబ్బిచ్చి పిలుస్తాం. వానాకాలం ముందు బండి కింద డీజిల్‌తో కడిగించి, వాడేసిన ఇంజిన్ ఆయిలు స్ప్రే కొట్టించడం మన దగ్గర ఎన్నాళ్లుగానో ఉన్న అలవాటు. రేకుకి తుప్పు పట్టకుండా అది కొంత కాపాడుతుంది, నిజమే. కానీ సహజ రబ్బరుకి పెట్రోలియం నూనె విషం. నూనె పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆపైన జిగురులా తయారై చిట్లుతుంది. కిర్రుమంటోందని బుష్షు మీద గ్రీజు రాసేవాళ్లదీ ఇదే కథ. వారం రోజులు చప్పుడు ఆగుతుంది, ఆర్నెల్లలో బుష్షు చస్తుంది. ఆయిల్ కొట్టించాలనే ఉంటే ముందు బుష్షుల మీద పాత గుడ్డలు చుట్టి కొట్టించండి. షెడ్డులో నవ్వితే నవ్వనివ్వండి.

చప్పుడుకి తాళం వెయ్యడం

విప్పేముందు కనిపెట్టాలి. దీనికి ఒక పూట కేటాయించండి. మొదట డిక్కీ ఖాళీ చెయ్యండి. నవ్వులాట కాదు, నెలల తరబడి వేధించిన చప్పుడు స్టెప్నీ పక్కన దొర్లుతున్న జాకీదని తేలిన సందర్భాలున్నాయి. బ్యాటరీ క్లాంపు, సైలెన్సర్ రబ్బర్లు కూడా చూడండి. అవీ సస్పెన్షన్ గొంతుతోనే అరుస్తాయి.

తర్వాత బండిని చదునైన చోట నిలిపి, ఒక్కో మూల మీదా బరువంతా వేసి రెండు మూడుసార్లు నొక్కి వదలండి. పైకొచ్చి, కొద్దిగా దిగి, ఆగిపోవాలి. అంతకుమించి ఊగితే ఆ మూల షాకబ్జరు అయిపోయిందన్నమాట. షాకబ్జరు ఒంటి మీద పల్చగా చెమటలాంటి తడి ఉంటే కంగారుపడక్కర్లేదు. నూనె ధారగా కారి, దానికి దుమ్ము పట్టి పేస్టులా ఉంటే మార్చాల్సిందే. టైరు మీద చెయ్యి వేసి తడమండి. అలలు అలలుగా ఎత్తుపల్లాలు తగిలితే చక్రం రోడ్డు మీద గంతులేస్తోందని అర్థం. ఒక అంచే అరిగితే కోణం తేడా, అంటే బుష్షులో, టై రాడ్‌లో, వంగిన ఆర్మ్‌లో వెతకాలి.

ఇప్పుడు చక్రం లేపండి. గడియారంలో పన్నెండూ ఆరూ ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. లూజు ఉంటే అది వీల్ బేరింగైనా కావచ్చు, బాల్ జాయింటైనా కావచ్చు. ఇంట్లో ఎవరినైనా పిలిచి బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కాక లూజు మాయమైతే బేరింగు. అలాగే ఉంటే బాల్ జాయింట్. మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ ఈ బ్రేకు తొక్కే ఉద్యోగం చేస్తోంది, జీతం జంతికలు. తొమ్మిదీ మూడూ దగ్గర పట్టుకుని ఊపినప్పుడు లూజుంటే ఎక్కువగా టై రాడ్ ఎండ్ అయ్యుంటుంది. దాని మీద వేలు ఆనించి ఊపితే, అరిగిన కీలు వేలికి తెలిసిపోతుంది.

బాల్ జాయింట్ విషయంలో ఒక జాగ్రత్త. మిగతావన్నీ చప్పుడు చేసి, టైరు తిని, చిరాకు పెడతాయి. ఇది మాత్రం ఊడిపోతుంది. ఊడితే చక్రం పక్కకి వాలిపోయి బండి అక్కడే కూలబడుతుంది. గట్టు రోడ్డు మీద అది ఎక్కడ కూలబడుతుందో ఊహించుకోండి. కాబట్టి లూజు తెలిసిన బాల్ జాయింట్‌తో పక్క ఊరికి కూడా వెళ్లొద్దు. పైనున్న రబ్బరు టోపీ చిరిగి గ్రీజు బయటికొచ్చినా దాని రోజులు దగ్గరపడ్డట్టే, ఎందుకంటే ఆ దారినే నీళ్లూ ఇసకా లోపలికి పోతాయి.

బండి ఆపి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే పైనుంచి 'కిర్ర్' మనడం, స్ప్రింగు 'టంగ్'మని తెగినట్టు విడివడడం స్ట్రట్ మౌంట్ బేరింగు లక్షణం. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు 'టకటకటక' వస్తే అది సస్పెన్షనే కాదు, ఇరుసు కొసనున్న సీవీ జాయింట్. ఈ రెంటినీ కలిపేసుకుని మంచి స్ట్రట్ విప్పించుకోవద్దు.

వెనక వైపు కథ చిన్నది. ఇరుసుని ముందుకీ వెనక్కీ పోకుండా రెండు ట్రెయిలింగ్ ఆర్మ్‌లు, పక్కకి పోకుండా ఒక అడ్డకడ్డీ పట్టుకుంటాయి. ఆ అడ్డకడ్డీ బుష్షు పోతే లేను మారినప్పుడూ, చించినాడ వంతెన మీద గాలి తోసినప్పుడూ బండి తోక ఊపుతుంది. పెళ్లికి ఏడుగురు ఎక్కి డిక్కీలో కొబ్బరిబోండాలు కూడా వేసుకున్న రోజున వచ్చే 'దడ్' మాత్రం జబ్బు కాదు, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుని బంప్ స్టాప్ రబ్బరు తగులుతోంది, అంతే.

ఇంట్లో చెయ్యగలిగినవి

పని మొదలెట్టేముందు చోటు చూసుకోండి. మన పెరళ్లలో నేల ఒండ్రు. వాన పడిన మర్నాడు జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగుతుంది. వెడల్పాటి నాపరాయి గానీ, మందపాటి చెక్క గానీ కింద వెయ్యండి. జాకీ ఎత్తడానికే. ఎత్తాక బరువు మోయాల్సింది జాకీ స్టాండ్లు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు, అవి ముందుగా చెప్పి పగలవు. మిగిలిన చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టండి. విప్పిన చక్రాన్ని బండి గుమ్మం కిందకి పడుకోబెట్టి తోసెయ్యండి, ఒకవేళ జారినా మీ మీద కాకుండా దాని మీద పడుతుంది. ఇంకొక్క మాట, కొబ్బరిచెట్టు కింద చల్లగా ఉందని అక్కడ పెట్టుకోవద్దు. కోనసీమలో ఇది చెప్పాల్సిన పనిలేదు గానీ, సెలవులకి ఊరొచ్చినవాళ్ల కోసం.

తేలికైనది వెనక షాకబ్జర్లు మార్చడం. ఒక పక్క పూర్తిగా మార్చాకే రెండో పక్కది విప్పాలి. రెండూ ఒకేసారి విప్పేస్తే ఇరుసు కిందకి వేలాడి బ్రేకు గొట్టం సాగుతుంది, స్ప్రింగు చోటు తప్పుతుంది. ఇరుసు కింద చిన్న జాకీ ఆనించి ఉంచండి. జతలో ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకోవద్దు. ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా ఉంటే బండి కుంటుతుంది.

స్టెబిలైజర్ బుష్షులు కూడా ఇంటి పనే. కష్టమంతా ఆ నట్టు విప్పడంలో ఉంది. ఏళ్ల బురదా తుప్పూ పట్టి ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, సుత్తితో చుట్టూ నాలుగు దెబ్బలు వేసి వదిలెయ్యండి. పొద్దున్న మళ్లీ కొట్టండి. కాఫీ తాగి రండి. అప్పుడు పానా వెయ్యండి. చిన్న పానాకి పైపు తొడిగి ఊగిపోతే బోల్టు తెగుతుంది. తెగిన బోల్టు ఆర్మ్ బుష్షు గొట్టంలో ఉండిపోతే ఆదివారం అక్కడితో అయిపోయినట్టే. గ్యాస్ మంటతో వేడిచేసే పని ఇంట్లో వద్దు. పక్కనే పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం ఉంటాయి. రబ్బరు కాలిన పొగా మంచిది కాదు.

ఆర్మ్ బుష్షు ఊడదీయడానికి హైడ్రాలిక్ ప్రెస్సే ఉండాలనేం లేదు. గట్టి పొడుగు బోల్టు ఒకటి, బుష్షు బయటి గొట్టం కన్నా కాస్త చిన్న సాకెట్ ఒకటి, పెద్ద పైపు ముక్క ఒకటి, మందపాటి వాషర్లు రెండు. చిన్న సాకెట్ తోస్తుంది, పైపు ముక్క బుష్షుని లోపలికి తీసుకుంటుంది. నట్టు బిగిస్తున్న కొద్దీ బుష్షు మెల్లగా కదులుతుంది. కొత్తది కూడా ఇదే పద్ధతిలో ఎక్కుతుంది. సుత్తితో కొడితే గొట్టం అంచు నలిగి కొత్త బుష్షు మొదటి రోజే పాడవుతుంది. ఇంట్లో కుదరకపోతే ఆర్మ్ విప్పి సైకిలు మీద పెట్టుకుని ఊళ్లో ట్రాక్టర్ షెడ్డుకి పట్టుకుపోండి, అయిదు నిమిషాల్లో నొక్కి ఇస్తారు. మామూలు రబ్బరు బుష్షు జారడానికి సబ్బునీళ్లు వాడండి. ఆరిపోయాక రబ్బరు పట్టు పట్టాలి కాబట్టి సబ్బునీళ్లే మేలు. మా తాతగారైతే ఆముదం రాసేవారు. అందులో తప్పేం లేదు, ఆముదం పెట్రోలియం నూనెలా సహజ రబ్బరుని ఉబ్బించదు. తొందరగా ఆరకపోవడమే దాని లోపం. గ్రీజు రాయాల్సింది బోల్టు ఒంటికి, బుష్షు లోపలి ఇనుప గొట్టంలో తుప్పు పట్టి అతుక్కోకుండా. అది కూడా పల్చగా, రబ్బరుకి తగలకుండా.

ఇక బిగించే దగ్గరికి వద్దాం. ఈ ఒక్క సంగతి తెలియకే కొత్త బుష్షులు ఏడాది తిరక్కుండా పోతాయి. ఆర్మ్ బుష్షులో రబ్బరు జారదు, మెలితిరుగుతుంది. తడిగుడ్డ పిండినట్టు అటు కొంచెం ఇటు కొంచెం తిరిగి మళ్లీ వెనక్కొస్తుంది. బండి జాకీ మీద ఉండగా చక్రం కిందకి వేలాడుతుంటుంది, ఆర్మ్ కూడా కిందకి వంగి ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు బిగించేస్తే రబ్బరుకి ఆ వేలాడే స్థితే నిలకడ అయిపోతుంది. బండి దింపగానే ఆర్మ్ పైకి లేచి రబ్బరు మెలిపడుతుంది. ఇక రోజంతా, ఆగి ఉన్నప్పుడు కూడా, పిండిన గుడ్డలాగే ఉంటుంది. గుంట తగిలితే ఆ మెలికకి ఇంకో మెలిక తోడై చిరుగుతుంది. కాబట్టి జాకీ మీద బోల్టుని చేత్తో పట్టేంత బిగించి, చక్రం తొడిగి, బండి దింపి, రెండుసార్లు ముందుకీ వెనక్కీ తోసి, బరువు మొత్తం చక్రాల మీద ఉండగా ఆఖరి బిగింపు ఇవ్వాలి. కిందకి దూరడానికి చోటు చాలకపోతే రెండు చక్రాల కిందా సమానంగా మందపాటి పలకలు వేసి బండి ఎక్కించండి. ఎంత బిగించాలన్న లెక్క మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. బిగింపు కొలిచి చూపే టార్క్ రించీ అద్దెకైనా తెచ్చుకోండి, 'ఇంకో పట్టు' అనే కొలత నమ్మొద్దు.

లాక్ నట్టు ఒకసారి విప్పితే కొత్తదే వెయ్యండి. నట్టు తిరగకుండా కంతలో దూర్చే స్ప్లిట్ పిన్ను కూడా అంతే. టై రాడ్ ఎండ్ నట్టు బిగించాక పిన్ను కంత కలవకపోతే, నట్టుని కలిసేదాకా ఇంకొంచెం బిగించాలి గానీ వెనక్కి వదలకూడదు. టై రాడ్ విప్పేముందు ఎన్ని మరలు బయటికున్నాయో లెక్కపెట్టి, పెయింటు చుక్క పెట్టుకుంటే చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్‌కి వెళ్లేదాకా బండి కాస్త తిన్నగా నడుస్తుంది. తాడు కట్టి చక్రాల వరస చూసుకునే పద్ధతి నాకూ సరదానే. కానీ ఆర్మ్ గానీ టై రాడ్ గానీ మార్చాక టౌనుకెళ్లి అలైన్‌మెంట్ చేయించాల్సిందే, లేకపోతే కొత్త టైర్లు బుష్షుల ఖరీదుకి పదింతలు వసూలు చేస్తాయి.

స్పేరు కొనేటప్పుడు పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి. 1986లో బండి రూపమే మారింది, ఆ తర్వాత కూడా మార్పులు వచ్చాయి. 'మారుతి బుష్షు' అని అడిగితే కౌంటరు మీద ఏదో ఒకటి పెడతారు. రబ్బరుని గోటితో నొక్కి చూడండి, కొద్దిగా దిగి పైకి రావాలి. ఏళ్లతరబడి అటక మీద ఉన్న బుష్షు వాడకుండానే గట్టిపడిపోతుంది. పాలియురేతేన్ బుష్షులని రంగురంగులవి దొరుకుతాయి. ఎక్కువ కాలం మన్నుతాయి, నూనెకి లొంగవు. కానీ గట్టివి. సుమారు 650 కిలోల ఈ బండిలో రోడ్డు మీది ప్రతి గులకరాయి కబురూ సీటుకి మోసుకొస్తాయి. ముసలి బాడీకి ఆ అదురు మంచిది కాదని నా అభిప్రాయం. నేను రబ్బరే వేస్తాను.

చెయ్యకూడని పని ఒకటుంది. ముందు స్ట్రట్‌ని బండి నుంచి దించడం వరకు ఫరవాలేదు. దాని మీది స్ప్రింగు విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. పైన నడిమధ్య ఉండే నట్టు ఆ నొక్కి ఉన్న స్ప్రింగుని ఆపుతోంది. స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా దాన్ని విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా లేస్తుంది. తాళ్లు, గొలుసులు కట్టి చేస్తామనేవాళ్ల మాట వినకండి. స్ట్రట్లు దించి టౌనులో షెడ్డుకి పట్టుకెళ్లి షాకబ్జరు, మౌంట్, బేరింగు మార్పించుకుని, తెచ్చి మీరే బిగించుకోండి. డబ్బూ మిగులుతుంది, దవడా మిగులుతుంది.

వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటి ఆఖర్న చెబుతున్నాను. స్ట్రట్ పై మౌంట్ కూర్చునే రేకు, లోయర్ ఆర్మ్ బోల్టు పట్టే బ్రాకెట్, వెనక ఆర్మ్‌లు తగిలించే చోటు, ఈ మూడూ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. ఖంగుమంటే సరే. మెత్తగా 'టప్' అంటే మొనతో పొడవండి. దిగిందంటే లోపల తుప్పు తినేసింది. గోదారి వరదనీళ్లలో రెండు మూడు రోజులు నిలబడిన బళ్లలో ఇది మామూలు. అక్కడ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించేదాకా బుష్షులకి పెట్టే ప్రతి రూపాయీ కాలవలో వేసినట్టే. పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, అప్పుడు ఫిట్‌నెస్ చూస్తారు. ఎలాగూ తేలాల్సిన సంగతే, ముందు మీకే తెలిస్తే మేలు.

పనైపోయాక ఒక వంద కిలోమీటర్లు తిప్పి నట్లన్నీ ఇంకోసారి పానా వేసి చూడండి. కొత్త రబ్బరు సర్దుకున్నాక స్టెబిలైజర్ నట్టు కొద్దిగా వదులవుతుంది. మా బావ దానికో రోడ్డు కూడా చెప్పాడు. "రావులపాలెం దాకా హైవే మీద వెళ్లు, వచ్చేటప్పుడు గట్టు మీంచి రా. హైవే మీద స్టీరింగు వదిలితే తిన్నగా పోవాలి, గట్టు మీద అద్దాలు దించితే ఏమీ వినపడకూడదు." వెళ్లొచ్చాను. గట్టు మీద వినపడింది ఒక్కటే, డిక్కీలో మళ్లీ పెట్టి కట్టడం మర్చిపోయిన జాకీ.